పాత భాగాలు, కొత్త యంత్రం

అచ్చంపేటలో కరెంటు మీటరు చూడవచ్చిన ఉద్యోగి అంకెలను చేతియంత్రంలో నొక్కగానే బిల్లు కాగితం బయటికి వస్తుంది. లెక్కకట్టే సాధనం పాతదే. అచ్చువేసే సాధనమూ పాతదే. ఈ రెంటినీ ఒక పెట్టెలో అమర్చినంత మాత్రాన అది పేటెంటుకు తగిన నూతన కల్పన అవుతుందా?

1970 నాటి పేటెంట్ల చట్టం మూడవ సెక్షను కాదంటున్నది. తెలిసిన పరికరాలు దేని పని అది పాత రీతిలోనే చేసుకొంటూ ఉంటే, వాటిని పక్కపక్కన చేర్చడం కల్పన కాదు. కేవలం లెక్కల పద్ధతికి, వ్యాపార పద్ధతికి కూడా పేటెంటు లేదు.

పాత 1911 చట్టం కింద వచ్చిన ఒక వివాదంలో సుప్రీంకోర్టు 1978లో ఇటువంటి సూత్రాన్నే విశదపరచింది. మీర్జాపూరులోని హిందూస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్, లేతు మీద పాత్రలను పట్టి ఉంచే సాధనానికి పేటెంటు పొందింది. అది పనివారికి తెలిసిన అమరికయే అని కోర్టు త్రోసిపుచ్చింది. అయితే పాత భాగాలు పరస్పరం కలిసి పనిచేసి కొత్త ఫలితాన్నో, మెరుగైన లేదా చవకైన వస్తువునో ఇస్తే, ఆ కూర్పు కల్పన కాగలదని అంగీకరించింది. అది మామూలు పనివాడు చేయగల చిన్న సవరణకు మించినదై ఉండాలి.

సూత్రం మంచిదే. చిక్కు దానిని ప్రయోగించడంలో ఉన్నది. పూర్తయిన యంత్రాన్ని విప్పి చూచినవారికి అంతా సులభంగానే తోస్తుంది.

నాటి నల్లగొండ జిల్లా శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆసుయంత్రాన్ని చూడండి. పోచంపల్లి చీరకు ఆసు పోయడానికి, అర్ధచంద్రాకారంగా ఉన్న మేకుల చుట్టూ దారం తిప్పుతూ స్త్రీలు దాదాపు 9000 సార్లు చేయి ఆడించవలసి వచ్చేది. తల్లి లక్ష్మి పడే నొప్పి చూచి 1992లో పూనుకొన్న పని 1999లో ఫలించింది. 2011లో పేటెంటు లభించింది. మోటారు, మేకు, దారం ఏదీ కొత్తది కాదు. కాని దారం తిరగడమూ, మేకు నుండి మేకుకు జరగడమూ ఇక్కడ ఒకదానితో ఒకటి లంకె పడినవి. నాలుగైదు గంటల పని సుమారు గంటన్నరకు తగ్గింది.

అంత సులభమైతే, ఆ బాధ తరతరాలుగా తెలిసి ఉండి, మోటార్లూ దొరుకుతూ ఉండగా, యంత్రం ముందే ఎందుకు రాలేదు? న్యాయస్థానాలు ఈ ప్రశ్నకు మరింత విలువ ఇవ్వవలసి ఉన్నది. లేకుంటే గ్రామీణ కల్పకునికి అన్యాయం జరుగుతుంది.

లెక్క, అచ్చు మాత్రమే ఒకచోట పెట్టిన బిల్లు పెట్టె చేర్పు, ఆసుయంత్రం కూర్పు. పాఠశాల వైజ్ఞానిక ప్రదర్శనలలో కూడా ఉపాధ్యాయులు “ఇందులో కొత్త భాగమేది?” అని కాక, “ఈ భాగాలు విడివిడిగా చేయలేని దేనిని కలిసి చేస్తున్నవి?” అని అడగడం మేలు.