ముందు గునపం కొను, తమ్ముడూ

మా ఆఫీసులో కొత్తగా చేరిన భీమవరం కుర్రాడు మొన్న వాట్సాప్‌లో ఒక లిస్టు పంపాడు. "అన్నా, వచ్చే శనివారం నీతో పాటు ఐస్ ఫిషింగ్‌కి వస్తా. ఇవి కొంటే సరిపోతాయా?" అని. చేపల్ని తెర మీద చూపించే సోనార్, బ్యాటరీతో తిరిగే డ్రిల్లు, నలుగురు పట్టే టెంటు, గ్యాస్ హీటరు, అరడజను గాలపు కర్రలు. అన్నీ కలిపితే వెయ్యి డాలర్ల పైమాటే. అందులో ప్రాణం కాపాడే వస్తువు ఒక్కటీ లేదు.

నేను మినియాపొలిస్ శివార్లకి వచ్చిన మొదటి చలికాలం నా లిస్టూ ఇంతే. దుకాణంలో ఓపిగ్గా అన్నీ చూపించి బిల్లు వేసినాయన, ఐసు మందం ఎలా చూసుకుంటావని అడగలేదు. ఆ ప్రశ్న ఒకటుంటుందని నాకూ తట్టలేదు. గడ్డకట్టిన సరస్సు తెల్లగా మైదానంలా కనిపిస్తోంది కదా అని నడిచి వెళ్లిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. మిన్నెసోటాలో, విస్కాన్సిన్‌లో, కెనడాలో మనవాళ్లు చాలామంది ఈ సరదాలో పడుతున్నారు కనుక, ఆ కుర్రాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు గునపం కొను. ఇక్కడ స్పడ్ బార్ అంటారు. మన ఊళ్లో కొబ్బరి మొక్కకి గొయ్యి తీసే గునపం లాంటిదే, మొన మాత్రం ఉలిలా వెడల్పు. దీన్ని వాడటం నాకు నేర్పింది మా వీధి చివరి ఇంట్లో ఉండే ఎనభై ఏళ్ల పెద్దాయన. ఒడ్డు దగ్గరే మొదలుపెట్టాలి. అడుగు వేయబోయే చోట గట్టిగా ఒక పోటు పొడవాలి, ఐసు నిలబడితే అడుగు వేయాలి. మళ్లీ పోటు, మళ్లీ అడుగు. మందమైన ఐసు మీద పడితే గునపం ఖణేలుమని చెయ్యి ఝల్లుమనిపిస్తుంది. చప్పుడు మారినా, పోటు పడ్డచోట నీళ్లు ఊరినా అక్కడే ఆగిపోయి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రావాలి. పెద్దాయన చిన్నప్పటి నుంచీ ఆ సరస్సు మీద తిరుగుతున్న మనిషి. పొడవకుండా ఆయన అడుగు వేయగా నేను చూడలేదు.

మనిషి నడవడానికి కనీసం 4 అంగుళాల ఐసు ఉండాలని మిన్నెసోటా సహజ వనరుల శాఖ చెబుతుంది. అదీ గాజులా తేటగా, గట్టిగా ఉన్న కొత్త ఐసయితేనే. కురిసిన మంచు నాని గడ్డకట్టిన తెల్ల పొరకి బలం సగమే, కాబట్టి రెట్టింపు మందం చూసుకోవాలి. వంతెన దగ్గర, వాగు వచ్చి కలిసే చోట, అడుగున ఊటలున్న చోట ఐసు పలచబడిపోతుంది. చలి ముదిరేకొద్దీ సరస్సంతా ఉరుము ఉరిమినట్టు మోగుతుంది. మొదటిసారి విన్నవాళ్లకి గుండెలు జారిపోతాయి. నీటి మీద ఐసు బిగుసుకుంటూ, పగుళ్లు తీస్తూ చేసే మోత అది. ఆ మోత ఒక్కటే ప్రమాదానికి గుర్తు కాదు, నిశ్శబ్దంగా ఉందని క్షేమమూ కాదు. గునపం చెప్పిందే నమ్మాలి.

గునపం తర్వాత ఐస్ పిక్కులు. రెండు పిడులు, వాటికి రెండు మేకులు, మధ్యలో తాడు. పది పదిహేను డాలర్లకి దొరుకుతాయి. కోటు పైన మెడలో వేసుకోవాలి, సంచిలో పెట్టుకుంటే లేనట్టే. నీళ్లలో పడితే మొదటి నిమిషం ఊపిరి ఎగబీల్చుకుపోతుంది, దాన్ని అదుపులోకి తెచ్చుకోవడమే అప్పటి పని. ఆ తర్వాత చేతులు మాట వినేది సుమారు పది నిమిషాలేనని మానిటోబా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. వచ్చిన వైపుకే తిరిగి, మేకులు ఐసులో గుచ్చి, కాళ్లు తన్నుతూ పొట్ట మీద పైకి పాకాలి. పైకొచ్చాక లేచి నిలబడకూడదు, దొర్లుతూ దూరం రావాలి. బూట్లకి ముళ్ల పట్టీలు, ఒక పొడవాటి తాడు, ఉన్ని బట్టలు కూడా ఈ ఖాతాలోవే. నూలు బట్ట తడిస్తే ఒంట్లో వేడి లాగేస్తుంది.

ఇక చేపల సామాను. ఐసుకి రంధ్రం చేయడానికి ఆరంగుళాల చేతి బర్మా ఒకటి చాలు. దాని బ్లేడు మంగలి కత్తిలా ఉంటుంది, తొడుగు తీయకుండా మోయాలి. బర్మా తిప్పుతుంటే కొబ్బరి కోరులా ఐసు పైకి వస్తుంది, ఉన్నట్టుండి చేతికి బరువు తేలికవుతుంది, నల్లటి నీళ్లు బుసబుసా పైకి ఉబుకుతాయి. తేలిన ఐసు ముక్కలు తీయడానికి చిల్లుల గరిటె అమ్ముతారు. మా ఆవిడ బూందీ గరిటె ఒకటి ఆ పనికే ఇచ్చేసింది, చక్కగా పనిచేస్తోంది.

కర్ర రెండడుగుల పొడుగుంటే చాలు. దారం దగ్గర మాత్రం అశ్రద్ధ చేయొద్దు. నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా బరువెక్కి అడుగుకి చేరుతుంది, చేప చలికాలమంతా ఆ నీళ్లలో మందంగా గడుపుతుంది. ఎరని గబుక్కున మింగదు, పెదవితో తాకి వదిలేస్తుంది. మొదటి ఏడు నేను వేసవిలో వాడే లావు దారమే వేశాను. చలికి అది స్ప్రింగులా చుట్టలు తిరిగి బిగుసుకుపోయింది. పక్క రంధ్రం దగ్గర పెద్దాయన అరచేయంత బ్లూగిల్ చేపలు వరసగా తీస్తుంటే, నా బెండు రోజంతా కదల్లేదు. ఆయన దారం 2 పౌండ్ల బరువు మాత్రమే ఆపే సన్నది. బెండు చిక్కుడు గింజంత, చేప ముట్టుకుంటే చాలు మునిగేటట్టు ఉంది. ఎరకి మైనం పురుగులు రంపపు పొట్టు పోసిన చిన్న డబ్బాలో అమ్ముతారు. గడ్డకట్టకుండా ఆ డబ్బాని కోటు లోపలి జేబులో పెట్టుకోవాలి.

కూర్చోడానికి ఒక ప్లాస్టిక్ బకెట్, అదే సామాను మోసుకెళ్లడానికీ. సోనార్, టెంటు వచ్చే ఏడాదికి చూసుకోవచ్చు. టెంటులో హీటరు పెట్టే రోజున గాలికి దారి వదిలి, కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పకుండా తగిలించు.

ఇదంతా ఫోన్లో విని, "మరి అప్పుడే కొనేసిన సోనార్ వాపసు ఇచ్చేయనా అన్నా?" అని అడిగాడు. ఇచ్చేయమన్నాను. ఆ డబ్బుతో గునపం, పిక్కులు, ముళ్ల పట్టీలు, లైసెన్సు వస్తాయి, ఇంకా మిగులుతుంది.

పిల్లలున్న వాళ్లకి ఒక మాట. ఏటా జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ సెలవుతో కలిసొచ్చే మూడు రోజులూ, పదిహేనేళ్లు, అంతకన్నా చిన్న పిల్లల్ని వెంట తీసుకెళ్లి చేపలు పట్టే మిన్నెసోటా వాసులకి లైసెన్సు అక్కర్లేదు. వెళ్లండి, పిల్లల మెడలో కూడా పిక్కులు వేసి తీసుకెళ్లండి.