గట్టు మీద నడిచే మధ్యవర్తి

జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో మంచి భూముల మధ్యవర్తి ముందు గట్టు మీద నడుస్తాడు. హద్దురాళ్లు చూస్తాడు, పక్క రైతును పలకరిస్తాడు, బండ్లబాట ఎవరి సర్వే నంబరులోంచి పోతుందో అడుగుతాడు. పాత పహాణీకి, పాస్‌బుక్కుకు గుంట తేడా వచ్చినా బయానా ఆపిస్తాడు. ఎకరానికి 40 గుంటలు. ఒక్క గుంట కోసమే అన్నదమ్ములు మాటలు మానేసిన ఊళ్లివి.

2020లో ధరణి, 2025లో భూభారతి అనే భూ రికార్డుల పోర్టళ్లు వచ్చాయి. ఇప్పుడు ఆ మధ్యవర్తి రికార్డు ఫోన్‌లోనే తీస్తాడు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు వీడియోకాల్‌లో బావి దగ్గర్నుంచి చివరి మడి దాకా తిప్పి చూపిస్తాడు.

గిరిజన ప్రాంతమైన ఉట్నూరు ఏజెన్సీలో అయితే, 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరుల పేరిట భూమి బదిలీ చెల్లదు. కమీషన్ పోయినా సరే, "ఇది వద్దన్నా, చెల్లది" అని చెప్పేవాడే నా దృష్టిలో గొప్ప మధ్యవర్తి. అతని నంబరే దుబాయి దాకా చేతులు మారుతుంది.