ఉలి ఊళ్లోనే ఉంది, పిపా ఊరు దాటింది

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో వెళ్లేవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేముంది? రోడ్డు వారన దేవుళ్లు వరసగా నిలబడి ఉంటారు; కొందరికి ఇంకా ముఖం రాలేదు. ఆళ్లగడ్డ శిల్పుల్లో దురుగడ్డ అన్న ఇంటిపేరు వినగానే రాతి శిల్పాలు గుర్తొస్తాయి. ఇక్కడి విగ్రహాలు పెట్టెలకెక్కి అమెరికా గుళ్లకూ పోయాయి. వాటిని చెక్కిన చేయి మాత్రం ఊరు కదల్లేదు.

ఊ మాన్ కథ దీన్ని తిరగేసినట్టుంటుంది. 1963లో చైనాలోని హాంగ్‌జౌలో పుట్టి, 1990లో అమెరికా చేరిన ఈ కళాకారిణి వాయించేది పిపా. (దీర్ఘమిచ్చి పీపా అంటే నూనెదవుతుంది, జాగ్రత్త!) బేరికాయను నిలువునా కోసినట్టుండే నాలుగు తీగల వాద్యం. ఒళ్లో నిటారుగా పెట్టుకుని, వేళ్లకు తొడిగిన గోళ్లతో మీటుతారు. ఇక్కడ వస్తువుతోపాటు చేయి కూడా సముద్రం దాటింది.

ఆళ్లగడ్డ విద్య తండ్రి పక్కన కూర్చుంటే వచ్చేది. రాయి మోగే తీరు వినడం, తాళమానం ప్రకారం ముఖానికీ ఒంటికీ కొలత కుదర్చడం పుస్తకం తెరవకముందే పట్టుబడతాయి. ఊ మాన్ తండ్రి కూడా కళాకారుడే, కానీ కూతురు ఆయన కుంచె అందుకోలేదు. పదమూడేళ్లకే పరీక్ష నెగ్గి బీజింగ్ సెంట్రల్ కన్సర్వేటరీకి వెళ్లారు, లిన్ షిచెంగ్ దగ్గర పుదోంగ్ బాణీ నేర్చారు. పిపాలో మాస్టర్స్ పట్టా అందుకున్న మొదటి వ్యక్తి ఆవిడే. అక్కడ ఆడపిల్లకు దారి ఇచ్చింది బడి. మన ఆళ్లగడ్డ శిల్పుల షెడ్లలో వారసుడంటే ఇప్పటికీ కొడుకే మనసులో మెదులుతాడు. ఈ మాట ఇష్టంగా రాయడం లేదు.

పాతదనం విషయంలో మాత్రం పిపా, ఉలి రెండూ ఒకే తానులో ముక్కలు. పిపాకు ఒకప్పుడు పట్టుతీగలుండేవి, ఇరవయ్యో శతాబ్దంలో ఉక్కుతీగలొచ్చాయి. అట్లాగే ఇక్కడ మోటుపని కటింగ్ మిషన్‌ది, కనురెప్పా పెదవీ ఉలివి. దీన్ని అపచారమనేవాళ్లు ఒక పూట సుత్తి పట్టి చూడాలి.

శిల్పికి ధ్యానశ్లోకం హద్దు. చేతులెన్నో, ఏ చేతిలో ఏ ఆయుధమో అదే చెబుతుంది. ఊ మాన్ మాత్రం క్రోనోస్ క్వార్టెట్ అనే పాశ్చాత్య తీగవాద్య బృందంతో, చెల్లో కళాకారుడు యో-యో మా సిల్క్ రోడ్ బృందంతో హద్దులు చెరిపేశారు. అలాంటి కొన్ని రచనల్లో పిపా పెళ్లికొచ్చిన దూరపు చుట్టంలా ఒక పక్కన కూర్చున్నట్టు నాకనిపిస్తుంది. కానీ ఆవిడ వెనక్కీ నడిచారు. షాన్‌షీ రాష్ట్రంలో హువాయిన్ తోలుబొమ్మల పాటగాళ్లను వెతికి పట్టుకుని, 2009లో న్యూయార్క్ కార్నెగీ హాల్ వేదిక ఎక్కించారు. కుటుంబ విద్యగా నిలిచిన పాట అది. ఆ బృందంలో ఒకాయన చెక్కబెంచీని దిమ్మతో బాదుతాడు. ఆ చప్పుడు వింటే ఉలి మోతలతో తెల్లారే ఆళ్లగడ్డ పొద్దు గుర్తొస్తుంది.

ఇంకో సంగతి. పిపా చైనాకూ సొంతబిడ్డ కాదు, మధ్య ఆసియా దారిన వచ్చిన వాద్యం. దాని చుట్టం లాంటి బేరికాయ ఆకారపు తంత్రీవాద్యం అమరావతి, నాగార్జునకొండ శిల్పాల్లో కనబడుతుంది. మన దగ్గర వాడుక తప్పింది. రాతిలో దాని ఒళ్లు మిగిలింది. దాని గొంతు ఎలా ఉండేదో ఊహించాలంటే ఇప్పుడు ఊ మాన్‌ను వినాలి. అన్నట్టు, అమరావతి ఫలకాల మీద వాద్యాలు పట్టుకుని కూర్చున్నవాళ్లలో ఆడవాళ్లున్నారు.