మంచును గడప దాటనివ్వని పనితనం

గడ్డకట్టే చలిలో మొక్క చచ్చేది ఎక్కువగా దాహంతోనే. మంచు మొదట పట్టేది కణాల మధ్య సందుల్లో. మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగినట్టు, ఆ మంచు కణంలోని నీటిని బయటికి లాగేస్తుంది. మైనస్ 10 డిగ్రీల దగ్గర కణంలోని నీరు 90 శాతానికి పైగా బయటికి పోతుంది. కణం ముడుచుకుపోయి, లోపలి పొరలు ఒకదాన్నొకటి ఒరుసుకుని దెబ్బతింటాయి. మంచు కణం లోపలే పడితే ఇక బతుకు లేదు.

ఇంత ముప్పుకు మొక్క చేసే ఏర్పాటంతా ముందస్తే. రై అనే ధాన్యపు పైరు చలి ఎరగనప్పుడు మైనస్ 5 దగ్గరే పోతుంది. గడ్డకట్టనంతటి చలిలో ఒకటి రెండు వారాలు గడిపిందంటే మైనస్ 30ని కూడా ఓర్చుకుంటుంది.

ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఈ పనిని దగ్గరగా చూశారు. 4 డిగ్రీల చలి తగిలిన పావుగంటకే దానిలో సీబీఎఫ్ జన్యువులు మేలుకుంటాయి. వీటిలో మొదటిదాన్ని 1997లో వెల్లడించింది అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో మైకేల్ థొమాషో బృందం. ఇవి వందకు పైగా ఇతర జన్యువులను పనిలోకి దింపుతాయి. కణంలో చక్కెరలు పెరుగుతాయి, పొరల్లోని కొవ్వుల తీరు మారుతుంది. నాకు అన్నిటికన్నా ముచ్చటగొలిపేది సీఓఆర్15ఏ అనే ప్రోటీన్. నీరు సమృద్ధిగా ఉన్నంతసేపూ దానికంటూ ఒక ఆకారం ఉండదు. కణం ఎండేకొద్దీ మెలికలు తిరిగి గట్టిపడి, పత్రహరితాన్ని మోసే భాగాల పొరలను కాపాడుతుంది. అవసరమే దాన్ని మలుస్తుందన్నమాట.

అయితే ఈ రక్షణ ఊరికే రాదు. సీబీఎఫ్ జన్యువులు ఎప్పుడూ పనిచేసేలా మార్చిన మొక్కలు చలికి జంకవు గానీ గిడసబారిపోతాయి, ఆలస్యంగా పూస్తాయి. అందుకే మామూలు మొక్క ఆచితూచి ఖర్చు పెడుతుంది. అదే చలి పొద్దున తగిలితే సీబీఎఫ్ స్పందన జోరుగా ఉంటుంది, రాత్రి తగిలితే చాలా తక్కువ. రాత్రిపూట చల్లబడటం మామూలే, దానికి కంగారెందుకు!

ఊరిని బట్టీ లెక్క మారుతుంది. స్వీడన్‌లో పెరిగే అరబిడాప్సిస్‌లో సీబీఎఫ్2 చక్కగా పనిచేస్తుంటే, ఇటలీలో పరిశీలించిన మొక్కల్లో అది పాడైపోయి ఉంది. గడ్డకట్టే చలి అరుదైనచోట దాన్ని నిలుపుకోవడం దండగే కాబోలు. స్వీడన్ రకం సీబీఎఫ్2ను ఇటలీ మొక్కలో చేరిస్తే మాత్రం దాని ఓర్పు పెరిగింది.