పోటుకూ ఆటుకూ మధ్య

ఆదివారం రాత్రి టీవీలో ఒక క్రీడా కార్యక్రమం చూస్తున్నాను. చిన్న జట్లు పెద్ద జట్లను గడగడలాడించిన సందర్భాలు వరసగా చూపిస్తున్నారు. మధ్యలో ఆర్బ్రోత్ పేరు వినబడింది. సంబరంగా కుర్చీ ముందుకు లాక్కున్నాను. స్కాట్లండ్ తూర్పు తీరంలోని ఆ చేపల ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు 2021-22లో రెండో డివిజన్‌లో చేసిందంతా ఇరవై సెకన్లలో చెప్పేసి, ‘అదొక అద్భుతం’ అని ముగించారు. టీవీ కట్టేశాను. ఆ మాట మాత్రం వారమంతా ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ఈ శీర్షిక చదివేవారికి నా పాత వాదన తెలుసు. రేపల్లె టైలరుగారి తబలా గురించి రాసినప్పుడూ, కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్ గీసిన బొమ్మల గురించి రాసినప్పుడూ అదే చెప్పాను. పొట్టకూటి పని ముగించుకుని, కాళ్ళు కడుక్కుని, దీపాలు పెట్టిన వేళకు మనిషి చేపట్టే పనిలోనే అతని ప్రాణం ఉంటుంది. దాన్ని ‘తీరిక వ్యాపకం’ అని చిన్నచూపు చూడకండి అని ఎన్నిసార్లు వేడుకున్నానో. మా నాన్న హార్మోనియం సంగతి సరేసరి. ఆ వాదనకు నా దగ్గరున్న సాక్ష్యాల్లో పెద్దది ఆర్బ్రోత్. అద్భుతం అంటే ఎవరి చెమటా లేకుండా ఆకాశం నుంచి ఊడిపడ్డదని అర్థం. నా సాక్షిని అలా కొట్టేస్తే ఊరుకోలేను.

స్కాట్లండ్‌లో 42 క్లబ్బులు నాలుగు డివిజన్లుగా ఆడతాయి. రెండోదాన్ని ఛాంపియన్‌షిప్ అంటారు. పది జట్లు, ఒక్కో జట్టుతో నాలుగేసి మ్యాచ్‌లు, మొత్తం 36. పట్టికలో మొదట నిలిచినవాళ్ళు నేరుగా పై డివిజన్‌కు వెళతారు. ఫుట్‌బాలే ఉద్యోగంగా ఉన్న జట్లకే అక్కడ సాగుబడి. పొద్దున్నే సాధన, మధ్యాహ్నం విశ్రాంతి, మోకాలు పట్టేస్తే మర్నాడే చూసే వైద్యుడు. ఆర్బ్రోత్ ఆటగాళ్ళకు పగలు వేరే కొలువులుండేవి. బాబీ లిన్ చెత్తబండి మీద పనిచేసేవాడు. పని దిగాక వారానికి రెండు సాయంత్రాల సాధన, శనివారం ఆట. మేనేజర్ డిక్ క్యాంప్‌బెల్‌కు అప్పటికి 68 ఏళ్ళు, పక్కన సహాయకుడుగా ఆయన కవల సోదరుడు ఇయన్. 2016 మార్చిలో ఆయన పగ్గాలు పట్టినప్పుడు క్లబ్బు అట్టడుగు డివిజన్‌లో ఉంది. 2017లో ఒక మెట్టు, 2019లో ఇంకో మెట్టు. రెండుసార్లూ ఛాంపియన్లుగానే పైకి వచ్చారు.

2021-22 సీజన్‌లో, చలికాలం చివర్లో నేను డండీలో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. ఒక శనివారం ‘నాన్నా, నీ జట్టును చూద్దువుగాని పద’ అని తీసుకెళ్ళింది. తీరం వెంబడి రైల్లో ఇరవై నిమిషాల ప్రయాణం. గేఫీల్డ్ మైదానం గోడకు అవతల ఉన్నది ఉత్తర సముద్రమే. ఉప్పుగాలి మొహాన కొడుతుంటే జనం మూడువైపులా నిలబడి చూస్తారు. చేతిలో వేడివేడి మాంసం పై. నేను తిన్నది మాత్రం రేవు దగ్గర కొన్న స్మోకీ. హ్యాడక్ చేపల్ని జంటలుగా తోకలకు దారం కట్టి, కర్ర మీద వేలాడేసి, గట్టి కట్టెల పొగలో ఉడికిస్తారు. చేతులకు ఆ వాసన రాత్రిదాకా వదల్లేదు.

అక్కడ గాలి కూడా ఆడుతుంది. గాలికి ఎదురుగా గోల్‌కీపర్ కొట్టిన బంతి సగం దూరం పోయి, ఎవరో పిలిచినట్టు ఆగి, నిటారుగా కిందికి దిగడం కళ్ళారా చూశాను. కొత్తగా వచ్చిన జట్టు దాన్ని పైకి కొట్టి కొట్టి అలిసిపోతుంది. ఇంటివాళ్ళు మాత్రం ఎదురుగాలి సగంలో బంతిని నేల విడవనివ్వలేదు. పదడుగుల దూరానికే అందించుకుంటూ, దారి మూసుకుపోతే గీత దాటించి ఊపిరి పీల్చుకుంటూ గడిపారు. గాలి వెన్ను తట్టే సగం రాగానే దూరం నుంచే కొట్టడం మొదలుపెట్టారు. ఇదంతా చూసొచ్చినవాణ్ణి, అద్భుతమంటే నాకెలా సహిస్తుంది? పడవ నడిపేవాడు తెరచాప దించడం ఎత్తడం నేర్చినట్టు నేర్చుకున్న విద్య అది. మైకేల్ మెకెన్నా మిడ్‌ఫీల్డ్‌లో ఆడుతూనే జట్టు మొత్తంలో ఎక్కువ గోల్స్ వేశాడు. 36 మ్యాచ్‌ల్లో వాళ్ళ మీద పడ్డ గోల్స్ 28 మాత్రమే.

ఇక లెక్క. కిల్మార్నక్ 67 పాయింట్లతో మొదటి స్థానం, ఆర్బ్రోత్ 65తో రెండో స్థానం. కిల్మార్నక్ 20 గెలిచి, 7 డ్రా చేసుకుని, 9 ఓడింది. ఆర్బ్రోత్ 17 గెలిచి, 14 డ్రా చేసుకుని, 5 మాత్రమే ఓడింది. గెలుపుకు మూడు పాయింట్లు ఇవ్వడం స్కాటిష్ లీగ్‌లో 1994-95 నుంచి వచ్చిన పద్ధతి. అంతకుముందు గెలుపుకు రెండు, డ్రాకు ఒకటి. ఆ పాత లెక్కన కూడి చూడండి. కిల్మార్నక్‌కు 47, ఆర్బ్రోత్‌కు 48. పగలంతా కొలువు చేసి వచ్చినవాళ్ళే ఛాంపియన్లు! మూడేళ్ళుగా ఈ లెక్క కాగితం మీద రాసి మరీ మిత్రులకు చూపిస్తున్నాను. ఈ వారం టీవీవాళ్ళకు జవాబుగా కాలమంతా దీనితోనే నింపుదామని కూర్చున్నాను.

కూర్చున్నవాణ్ణి ఆ శనివారం మ్యాచ్‌కు ముందు చూసిన ఇంకొకటి గుర్తొచ్చి ఆగాను. మైదానానికి నాలుగడుగుల దూరంలో, రేవు పక్కనే సిగ్నల్ టవర్ అనే తెల్లటి భవనం ఉంది. ఇప్పుడది మ్యూజియం. ఆ ఊరికి ఎదురుగా సముద్రంలో దాదాపు 18 కిలోమీటర్ల అవతల బెల్ రాక్ అని ఒక బండ ఉంది. రోజుకు రెండుసార్లు పోటు వచ్చి అది పూర్తిగా మునిగిపోతుంది. ఎన్ని ఓడలను మింగిందో చెప్పలేం. దాని మీద దీపస్తంభం కట్టడానికి 1807 ఆగస్టులో రాబర్ట్ స్టీవెన్సన్ మనుషులతో దిగాడు. నీళ్ళు తీసినప్పుడు రెండు మూడు గంటలు పని. పోటు తిరగ్గానే పలుగూ పారా సర్దుకుని పడవెక్కాలి. కమ్మరి మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి కొలిమి ఊదుతూ, మొద్దుబారిన ఉలులకు పదును పెట్టేవాడు. కాళ్ళు గడ్డకట్టుకుపోతున్నా మొహం మాత్రం మాడుతూ ఉండేది. స్తంభానికి కావలసిన రాళ్ళు ఆర్బ్రోత్ ఒడ్డున చెక్కి, ఒకదాని పన్ను ఇంకోదానిలో కూర్చునేలా తయారుచేసి పడవల్లో తెచ్చేవాళ్ళు.

మొదట చూసినప్పుడు మా అమ్మాయితో అన్నాను: ‘చూశావా, ఈ ఊరి రక్తంలోనే ఉంది. దొరికిన రెండు గంటల్లోనే దీపం నిలబెట్టారు.’ ఆమె మాట్లాడకుండా పక్కన రాసి ఉన్నది చదువుతూ నిలబడింది. తర్వాత ‘నాన్నా, వాళ్ళు ముందు కట్టింది దీపం కాదు’ అంది.

నిజమే. ఆ సెప్టెంబరులోనే బండ మీద 32 మంది ఉండగా ఒక పడవ తాడు తెగి కొట్టుకుపోయింది. మిగిలిన రెండు చిన్న పడవల్లో అందరూ పట్టరు. నీళ్ళు పెరుగుతున్నాయి. ఆ సమయానికి ఆర్బ్రోత్ నుంచి ఉత్తరాలు తెస్తున్న పడవ అటు రాబట్టి బతికారు. ఇలాంటి ప్రమాదం ఉంది కాబట్టే తొలి ఏడాది శ్రమలో ఎక్కువ భాగం ఎత్తయిన కర్రకాళ్ళ మీద ఒక మంచె నిలబెట్టడానికి పోశారు. తర్వాత దాని మీదే గది కట్టుకుని, పోటు వచ్చినా వెళ్ళిపోకుండా అక్కడే ఉండి, నీళ్ళు దిగీ దిగకముందే పనిలోకి దూకేవాళ్ళు. స్తంభం లేచింది అప్పుడే. 1811 ఫిబ్రవరి 1న దీపం వెలిగింది. రెండు గంటల పనితో అయ్యేది కాదని అందరికంటే ముందు తెలుసుకున్నవాళ్ళు ఆ రెండు గంటలు పనిచేసినవాళ్ళే.

అది గుర్తొచ్చాక నా లెక్క కాగితాన్ని మళ్ళీ చూశాను. 14 డ్రాలు. పాత పద్ధతిలో అవి సంపద. మూడు పాయింట్ల పద్ధతి చివరి పది నిమిషాల్లో తెగించి ముందుకు ఉరికేవాడికి కూలి ఇస్తుంది. ఉరకడానికి కాళ్ళుండాలి. 2022 ఏప్రిల్ 22, శుక్రవారం రాత్రి కిల్మార్నక్ సొంతగడ్డ రగ్బీ పార్క్‌లో ఈ రెండు జట్లే తలపడ్డాయి. గెలిస్తే ఆర్బ్రోత్ పట్టిక ఎక్కి కూర్చుంటుంది, తర్వాత ఒక్క మ్యాచే మిగులుతుంది. ముందుగా గోల్ వేసింది కూడా వాళ్ళే. చాలాసేపు ఆ ఒక్క గోల్‌నే గుప్పిట్లో పెట్టుకుని కాపాడారు. ఆట చివరికొచ్చేసరికి కిల్మార్నక్ సమం చేసింది. ఇక ముగుస్తుందనగా బ్లెయిర్ ఆల్‌స్టన్ రెండోది వేశాడు. తలుపు అక్కడితో మూసుకుంది. ఇంకో దారి ప్లేఆఫ్. ఇన్వర్‌నెస్‌తో రెండు మ్యాచ్‌లు, అదనపు సమయంతో కలిపి 210 నిమిషాలు, ఒక్క గోల్ లేదు. రెండో మ్యాచ్ గేఫీల్డ్‌లోనే. అవతలివైపు ఇద్దరు రెడ్ కార్డులతో బయటికి పోయి తొమ్మిది మందే మిగిలినా వీళ్ళకు గోల్ రాలేదు. పెనాల్టీల్లో 5-3తో ఓడిపోయారు. అసలు జనవరిలోనే, లివింగ్‌స్టన్ నుంచి అరువు వచ్చి ముందు వరసను నడిపిస్తున్న ఆటగాణ్ణి ఆ క్లబ్బు వెనక్కి పిలుచుకుంది. అరువు ఇచ్చినవాడికి ఆ హక్కు ఉంటుంది.

ఆ రెండు పాయింట్ల తేడాను ఇన్నాళ్ళూ అన్యాయం అన్నాను. ఇప్పుడు అలా అనలేకపోతున్నాను. ఆ రెండు పాయింట్లూ సోమ, బుధ, శుక్రవారాలు. వాళ్ళకు దక్కని పొద్దులు. ప్రేమ ఉంటే సాయంత్రాలు చాలునని నేను ఈ పేజీలో రాసిన ప్రతిసారీ, చాలకపోవడం వల్ల కలిగే నొప్పిని దాచిపెట్టాను. ఆ నొప్పి నాకు తెలియకనా?

మా నాన్న గురించి ఎప్పుడూ రాయని ఒక సంగతి రాస్తాను. తెనాలిలో రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా. చుట్టుపక్కల ఊళ్ళలో పద్యనాటకమంటే హార్మోనియానికి ఆయనకే కబురు. తెల్లవార్లూ నాటకం. మొదటి రెండు జాములు ఆయన వేళ్ళు పద్యం కంటే ముందే రాగాన్ని పరిచి ఉంచేవి. నటుడు ఎటు లాగితే అటు వెళ్ళి, దిగేచోట పట్టుకునేవాడు. జనం వన్స్‌మోర్ అని కేకలేసేవాళ్ళు. ఇంతవరకే మీకు చెబుతూ వచ్చాను. మూడు దాటాక ఆయన వేళ్ళు బరువెక్కేవి. పొద్దున ఎనిమిదింటి నుంచీ వే బిల్లులు రాసిన చెయ్యి అది. సంగతులు తగ్గేవి, శ్రుతి మాత్రం పట్టి ఉంచేవాడు. కృష్ణుడి వేషం కట్టే ఆయన ఓరగా ఒకసారి చూసేవాడు. కోపంగా కాదు. నాన్న తలూపి పక్కకు జరిగేవాడు. అదే బతుకుగా ఊరూరా తిరిగే ఇంకో హార్మోనిస్టు, అప్పటిదాకా గుంజకానుకుని నిద్రపోయినవాడు, వచ్చి కూర్చునేవాడు. తెల్లవారుజామున వచ్చే పెద్ద పద్యాలన్నీ అతనివే. నాకు పదేళ్ళు. ఆ మనిషి మీద ఒళ్ళుమండిపోయేది. ఒకసారి ఏడ్చాను కూడా. ‘అతను బాగా వాయిస్తున్నాడు, విను’ అన్నాడు నాన్న, నా తల తన ఒళ్ళోకి లాక్కుని.

తర్వాతి సీజన్‌లో ఆర్బ్రోత్ ఎనిమిదో స్థానానికి జారింది. 2023 నవంబరులో డిక్ క్యాంప్‌బెల్ వెళ్ళిపోయాడు. ఆ సీజన్ చివర క్లబ్బు అట్టడుగున నిలిచి కిందికి దిగింది. 2024-25లో మూడో డివిజన్ గెలిచి మళ్ళీ పైకి వచ్చింది, ఈసారి ఆడుతూనే జట్టును నడిపించిన డేవిడ్ గోల్డ్, కాలిన్ హామిల్టన్‌ల చేతుల్లో. మా అమ్మాయి అప్పుడు సముద్రపు గోడ ఫొటో పంపింది. అల ఒకటి గోడమీంచి లోపలికి దూకుతోంది.

నేను ఏడ్చిన ఆ రాత్రి నాటకం అయిపోయాక నాన్న ఆ హార్మోనిస్టుతో కలిసి బల్లమీద టీ తాగాడు. ఇద్దరూ ఏదో పద్యం ఎత్తుగడ గురించి మాట్లాడుకుంటున్నారు. నాన్న గ్లాసు కింద పెట్టి, అతని చేత ఆ స్వరాలు రెండుసార్లు పాడించుకుని, తొడమీద వేళ్ళతో వాయించి చూసుకున్నాడు. తర్వాత నన్ను సైకిలు ముందు కడ్డీమీద కూర్చోబెట్టుకుని, ఎనిమిదింటి డ్యూటీకి టైము చూసుకుంటూ తొక్కాడు.