తాడు లాగి చూస్తే తెలుస్తుంది

సైలెన్సర్ విప్పేసి, ఆ కన్నంలోకి సెల్‌ఫోన్ లైటు వేసి పట్టుకున్నాడు మెకానిక్కు కుర్రాడు. ‘‘చూడండి బాబాయిగారూ, పిస్టన్ అద్దంలా ఉంది. ఒక్క గీత లేదు. దీన్నెందుకండీ మార్చేస్తానంటారు?’’

మామిడి తోటల్లో గడ్డి కోసే పని నాది. ఆషాఢంలో, మరిడమ్మ జాతర రోజుల్లో, మా పెద్దాపురం మెట్ట మీద రెండు వానలు పడితే చాలు, గడ్డి మోకాలి దాకా లేస్తుంది. అలాంటి రోజున బ్రష్ కట్టర్ ఎంతకీ స్టార్టవ్వకపోతే, కొత్తది కొనెయ్యాలన్న కోపంతోనే షాపుకి వెళ్లాను. తీరా చూస్తే తప్పు నాది. వేసవంతా ట్యాంకులో పెట్రోలు అలాగే వదిలేశాను. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. కదలకుండా నిలవుంటే కార్బురేటర్‌లోని పల్చటి రబ్బరు పొరను పాడుచేస్తుంది. కార్బురేటర్ కడిగి, ఆ పొర మార్చాక రెండో లాగుకే ఇంజన్ అందుకుంది.

నా దగ్గరున్న రెండో మిషన్ సంగతి వేరు. టూటీ ఆయిల్ కలపని పెట్రోలు పోసి ఒక పూట నడిపేశారు. టూ స్ట్రోక్ ఇంజన్‌కి పెట్రోల్లో కలిసి వెళ్లేదే చమురు. అది అందక పిస్టన్ బోరుని నిలువునా గీరేసింది. మంచి ఇంజన్‌ని స్టార్టర్ తాడు పిడి పట్టుకుని పైకెత్తితే, మిషన్ ఆగి ఆగి కిందికి దిగుతుంది. ఇది జర్రున జారిపోయింది.

ఆ రెండింటినీ పక్కపక్కన చూశాక నాకో లెక్క కుదిరింది. ప్లగ్గు, ఫిల్టరు, తాడు, క్లచ్, కార్బురేటర్ పొర అరగడానికే పుట్టినవి. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. బోరు పోతే మాత్రం సిలిండరు, పిస్టన్ కలిపి మార్చాలి. ఆ ఖర్చు కొత్త మిషన్ ధరలో సగం దాటినా, సామాను కోసం వారాల తరబడి తిరగాల్సి వచ్చినా వదిలెయ్యడమే మేలు. పనికొచ్చిన మనిషి గట్టు మీద ఖాళీగా కూర్చున్న రోజులు కూడా ఆ ఖర్చులోవే.

అయితే ఇది మిషన్ మొరాయించిన రోజున తేల్చుకునే విషయం కాదు. మన ధవళేశ్వరం ఆనకట్టనే తీసుకోండి. 1852లో పూర్తయింది. నూరేళ్లకు పైగా మరమ్మతులు చేసుకుంటూ, ఎత్తు పెంచుకుంటూ డెల్టాని పండించుకున్నాం. ఇక మోయలేదని తెలిశాక, అది కాలువలకి నీళ్లిస్తుండగానే కొత్త బ్యారేజీ పని మొదలెట్టి 1982కి పూర్తిచేశారు. పాతది కూలేదాకా ఆగి ఉంటే మన చేలు ఏమయ్యేవి?

అందుకే ఇప్పుడు వైశాఖంలోనే, నేల ఎండి ఉండగానే, మిషన్లన్నీ అరుగు మీద పెట్టి ఒక్కొక్కదాని తాడూ లాగి చూస్తున్నాను. బోరు పోయినదాన్ని కూడా పాత ఇనప సామానుకి వెయ్యలేదు. రెండూ ఒకే మోడల్. దాని క్లచ్ ఇప్పుడు మొదటి మిషన్లో తిరుగుతోంది.