ముద్దకు జోడు

రాగిముద్దను నమలరు. వేళ్లతో తుంచి, చారులో అద్ది, నాలుక మీద పెట్టుకుని గొంతులోకి జారవిడుస్తారు. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు పుట్టినవాళ్లకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. అదే సీమలో కొత్తగా ఒంటిగది అద్దెకు తీసుకున్న ఒక టీచరో, నర్సో, చింతామణి పట్టుపరిశ్రమ కాలేజీలో చదివే ఒక అమ్మాయో వచ్చి "ప్రెషర్ కుక్కర్ కొననా, స్లో కుక్కర్ కొననా?" అని అడిగితే మాత్రం నేను ముద్ద దగ్గరి నుంచే మొదలుపెడతాను. ముద్దకు తనదంటూ ఉన్న రుచి చాలా మెల్లనిది. కాల్చిన నేల వాసన, కొంచెం తీపి, కొంచెం వగరు. దాన్ని బయటికి లాగేది పక్కనున్న చారు. ఆ చారు ఏ గిన్నెలో బాగా కుదిరితే ఆ గిన్నెకే నా ఓటు.

ముద్దకు సరిపడే చారు కుదరడం చిన్న విషయం కాదు. మరీ పలచనైతే ముద్ద మీద నిలవదు, జారిపోతుంది. మరీ చిక్కనైతే గొంతులో అడ్డుపడుతుంది. ముద్ద చుట్టూ ఒక పొరలా పట్టి, దాన్ని లోపలికి తీసుకుపోవాలి. పోయాక కూడా కాసేపు నోట్లో మిగలాలి. ఈ మూడు గుణాలనూ కుక్కర్ ఒక దారిలో ఇస్తుంది, స్లో కుక్కర్ ఇంకో దారిలో.

కుక్కర్ గొప్పతనం చూడాలంటే ధనుర్మాసం రావాలి. మంచు పట్టిన అనపకాయలు సంతలో కుప్పలు పోస్తారు. వాటి పిచ్చిలో పడి బెంగళూరు ఏటా అవరెబేళె మేళా చేసుకుంటుంది. గింజలు ఒలిచి, కొన్ని గంటలు నీళ్లలో నానేసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే తొక్క చేతిలో ఉండిపోతుంది, లేతాకుపచ్చ పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. పితికిపప్పు అంటే ఇదే. ఒక్కరికి కావలసింది రెండు గుప్పిళ్లు. రెండు లీటర్ల కుక్కర్‌లో ఆవాలు, ఉల్లిపాయ, ఆపైన కొబ్బరి, కొత్తిమీర, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి, చెక్క లవంగం నూరిన మసాలా వేసి, నూనె పైకి తేలేదాకా వేయించి, పప్పు, నీళ్లు పోసి మూత బిగించాలి. మొదటి కూత రాగానే పొయ్యి ఆపేయాలి. ఆవిరి తనంతట దిగేదాకా మూత జోలికి పోకూడదు.

ఆ ఆగడంలోనే వంట పూర్తవుతుంది. మూత తీసి చూస్తే పప్పు ఒక్కటీ చెదరదు, రంగు పోదు. గరిటెతో ఒక పలుకు తీసుకుని నాలుకతో అంగిట్లోకి నొక్కితే వెన్నలా విరిగిపోతుంది. కొన్ని పలుకులు అంచుల్లో కరిగి చారుకు చిక్కదనం ఇస్తాయి, మిగిలినవి గుండ్రంగా నిలబడి ముద్ద మీద ఒక్కొక్కటిగా కూర్చుంటాయి. ఇంకో రెండు కూతలు వేయనిస్తే అదంతా పేస్టయిపోతుంది. చాలామంది కూతను ఉడికినదానికి గుర్తుగా లెక్కపెడతారు కానీ, ప్రతి కూతతోనూ మసాలా పరిమళం కొంత కిటికీ దాటి వీధిపాలవుతుంది. కూత పడగానే సెగ తగ్గించేవాళ్ల ఇంట్లో చారు వాసన చారులోనే ఉంటుంది. కుక్కర్ వాడకంలోని కళంతా ఆ ఒక్క క్షణాన్ని పట్టుకోవడంలో ఉంది.

ఈ సీమకు కుక్కర్ అంతగా అతికిపోవడానికి ఇంకా బలమైన కారణాలున్నాయి. చిక్కబళ్ళాపురం సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, మూతలేని గిన్నెలో ఎంత మంట పెట్టినా అంతకు మించి వేడెక్కవు. పైగా ఏడాది పొడవునా పారే నదులు లేని నేల. వెయ్యి అడుగులు దాటిన బోర్ల నుంచి వచ్చే నీళ్లలో కాల్షియం ఎక్కువ. అది గింజలోని పెక్టిన్‌ను పట్టి బిగించేస్తుంది, కందిపప్పు గంటసేపు ఉడికినా పలుకు పలుకుగానే ఉంటుంది. కుక్కర్ లోపల ఆవిరి ఒత్తిడికి నీళ్లు సుమారు 120 డిగ్రీలకు చేరతాయి, అంత వేడికి మొండి గింజ కూడా లొంగుతుంది. 1679లో దెనీ పాపిన్ ఎముకలను మెత్తబరచడానికి కనిపెట్టిన యంత్రం మన మెట్టపంటల గింజల కోసమే పుట్టిందా అనిపిస్తుంది.

స్లో కుక్కర్ పేరు కొత్తదే గానీ పని మనకు పాతదే. పల్లెల్లో పిడకల దాలి మీద పాలకుండ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చునేది. ఎక్కడా పొంగదు, మాడదు. సాయంత్రానికి పాలు లేత ఎరుపు తిరిగి, పైన వేలిమందం మీగడ కట్టేది. అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ 1940లో పేటెంటు పొందిన కరెంటు కుండకు కూడా ఇలాంటి మూలమే ఉంది. లిథువేనియాలోని యూదులు తమ విశ్రాంతి దినం కోసం రాత్రంతా బేకరీ పొయ్యిలో మగ్గబెట్టుకునే చోలెంట్ గురించి అతను ఇంట్లో విన్నాడు. 1971లో అదే క్రాక్‌పాట్ పేరుతో బజారుకు వచ్చింది. నిప్పును సన్నం చేసి కాలాన్ని పెంచడం ఎక్కడివాళ్లయినా కనుక్కోగల జ్ఞానం.

స్లో కుక్కర్ సత్తా ఉలవల దగ్గర తెలుస్తుంది. వంద గ్రాముల ఉలవలు రాత్రి నానబెట్టి, పొద్దున ఆ నీళ్లు ఒంపేసి, కొత్త నీళ్లలో పొయ్యి మీద అరగంట తెర్లించాలి. ఈ మెట్టు మానకూడదు. స్లో కుక్కర్ వేడి నిదానంగా ఎక్కుతుంది, పచ్చి చిక్కుడు జాతి గింజల్లో ఉండే లెక్టిన్లు బాగా మరిగితేనే చస్తాయి. రాజ్మాకయితే ఇది మరీ ముఖ్యం. తర్వాత లీటరు నీళ్లతో కుండలోకి మార్చి పనికి వెళ్లిపోవచ్చు. చింతపండు మాత్రం అప్పుడే వేయకూడదు, పులుపు తగిలితే గింజ బిగుసుకుంటుంది. నీళ్లు కూడా బోరువి కాకుండా ఫిల్టర్ క్యానువి అయితే మేలు.

సాయంత్రం తలుపు తీసేసరికి గదంతా ఉలవల వాసన నిండి ఉంటుంది. ఒంటరిగా ఉండేవాళ్లకు ఇంటికి వచ్చేసరికి ఇంట్లో వంట జరుగుతూ ఉండడమన్నది మామూలు భాగ్యం కాదు. కట్టును గరిటెతో ఎత్తి దీపం ముందు పట్టి చూడండి. కుక్కర్‌లో పది కూతలకు కుతకుతలాడిన కట్టు మసకబారి ఉంటుంది. ఇది అలా కాదు. తెర్లకుండా, కదలకుండా దిగిన సారం గనుక తేటగా, ముదురు తేనె రంగులో మెరుస్తుంది. దాన్ని వంచుకుని, చింతపండు పులుసు, వేయించి నూరిన ఎండుమిర్చి, ధనియాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఒక గుప్పెడు మెత్తటి ఉలవల ముద్ద కలిపి పొయ్యి మీద మరిగించాలి. స్లో కుక్కర్ మూత ఆవిరిని బయటికి పోనివ్వదు, అందుకని చారు తనంతట చిక్కబడదు. ఈ చివరి మరుగు దానికి ప్రాణం. మిగిలిన ఉలవలకు తాలింపు వేస్తే కూరయిపోతుంది. బస్సారు చేసేవాళ్లకు ఈ లెక్క తెలిసిందే, ఒక్క ఉడుకులో చారూ కూరా రెండూ వస్తాయి. ఆ చారు మర్నాటికి ఇంకా బాగుంటుంది. పులుపు, కారం, వగరు ఒకదాన్నొకటి ఒప్పించుకుని ఒకే రుచిగా నిలబడతాయి.

రెండింటి రుచీ చూసినవాడిగా నా తీర్పు ఇది. ఒక్కటే కొనగలిగితే కుక్కర్ కొనండి, ఐఎస్ఐ ముద్ర చూసి, రెండు లీటర్లది. ఆ నీళ్లకూ ఆ ఎత్తుకూ అది తప్పదు. కరెంటు పోయినా గ్యాసుంటే పని ఆగదు, ఆకలేసిన అరగంటలో పళ్లెం ముందుకు వస్తుంది. కాస్త నిలదొక్కుకున్నాక లీటరున్నర స్లో కుక్కర్ తెచ్చుకోండి, ఉలవల కోసం, మేక కాళ్ల చారు కోసం. ముద్ద మాత్రం రెండింటికీ అప్పగించకండి. ఎసట్లో పిండి పోసి, తెడ్డు పట్టి, ఉండ కట్టకుండా తిప్పే పని ఇప్పటికీ చేతిదే. ఒక్కడి కోసం ఇంత శ్రమ ఎందుకని చాలామంది బ్రెడ్డుతోనో బిస్కెట్లతోనో రాత్రి గడిపేస్తారు. ఆ ఒక్కడూ మనిషే. నలుగురికి వడ్డించేటప్పుడు ఎంత శ్రద్ధ పెడతామో, మన పళ్లెంలో మనం వడ్డించుకునేటప్పుడూ అంత శ్రద్ధకూ మనం తగినవాళ్లమే.